నాలుగు వాక్యాల అర్జీ

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయుమని సంపాదకవర్గపు విద్యార్థులు నన్ను అడిగినప్పుడు, వారు ఆశించినది ప్రబంధాలలో ఋతువర్ణన వంటి వ్యాసమని నాకు తెలుసు. గడచిన మూడు సంచికలలో నేను వ్రాసినవి అటువంటివే. వాటిని ఎవరు చదివినారో ఎరుగను. వాటి ప్రక్క పేజీలలోని క్రీడల ఫోటోలను మాత్రం అందరూ చూచినారు. కనుక ఈసారి నేను వ్రాసిన మరొక రచనను గురించి చెప్పదలచినాను. అది నాలుగే వాక్యాలు. అందులో అలంకారమొక్కటి కూడా లేదు. ఉస్మానియాలో ఎం.ఏ. చదివి పదకొండేండ్లుగా కలం పట్టిన నేను వ్రాసినవాటిలో ఒక పని జరిగించినది అదొక్కటే.

ఎల్లారెడ్డికి పదకొండు కిలోమీటర్ల దూరాన, పెద్ద రోడ్డు విడిచి రెండు కిలోమీటర్లు లోపలికి పోవలసిన ఒక పల్లె కలదు. మా ఆపాను ఆ ఊరికే ఇచ్చినాము. అక్కడి బడి ఏడవ తరగతితో ముగియును. ఎనిమిదవ తరగతి నుండి పిల్లలు ఎల్లారెడ్డికి రావలె. ఉదయం వచ్చుటకు ఒక బస్సు, సాయంత్రం పోవుటకు ఒక బస్సు. రాత్రి ఎనిమిదిన్నరకు ఆ బస్సే మరల ఊరికి వచ్చి అక్కడనే నిదురించును. దానిని ఊరివారు నైట్‌హాల్టు అందురు. డ్రైవరు, కండక్టరు పంచాయతీ గదిలో పడుకొని, ఉదయం ఎనిమిది యాభైకి బస్సు తీసి తొమ్మిది ఇరువదికి ఎల్లారెడ్డిలో దించుదురు. తొమ్మిదిన్నరకు బడి గంట. పది నిముషాల వ్యవధిలో పిల్లలు నడిచి బడికి చేరుదురు. ఏండ్ల తరబడి ఇది సాగినది.

2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఉన్నత పాఠశాలల వేళలు మార్చినది. అంతకుముందు తొమ్మిదిన్నర నుండి నాలుగు నలుబదియైదు వరకు ఉన్న బడి, తొమ్మిది నుండి నాలుగుంబావు వరకు అయినది. ప్రాథమిక పాఠశాలకు, ఉన్నత పాఠశాలకు ఒకే వేళ ఉండవలెనన్న ఆలోచన మంచిదే. ఆ ఉత్తర్వు అన్ని బడులకు చేరినది. బస్సుకు మాత్రం చేరలేదు.

ఆ నెల చివర ఒక రాత్రి ఆపా ఫోను చేసినది. ఆమె కూతురు అప్పుడు తొమ్మిదవ తరగతి. ప్రతిదినం గంట కొట్టిన తరువాత ఇరువది నిముషాలకు పిల్ల ఊరి నుండి దిగుచున్నది. ప్రార్థన అయిపోవును, మొదటి పాఠం సగమగును. లెక్కల పాఠమే మొదటిది. ఆలస్యముగా వచ్చినవారి పేర్లు వేరే పుస్తకంలో ఎక్కుచున్నవి. "రోజూ గిట్లనే అయితే ఇంట్లనే ఉంచుదాం" అని బావ రెండుసార్లు అన్నాడట. ఇదంతా చెప్పి, కొంచెముసేపు ఊరకుండి, మా ఇంటి భాషలో ఒక్క మాట అన్నది: "ఇస్కా భీ వహీచ్ హోనా క్యా?" దీనికి కూడా అదే కావలెనా అని.

అదే అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. 2000వ సంవత్సరంలో ఆపా ఎనిమిదవ తరగతి చదువుచుండగా మా ఊరికి సాయంత్రం వచ్చు బస్సు రద్దయినది. దాని తరువాతి బస్సు వచ్చుసరికి చీకటి. పది దినములు అబ్బా సైకిలు మీద పోయి ఆమెను తెచ్చినాడు. పదకొండవ దినం పొలంలో నాట్లు. ఆ పదకొండవ దినం నుండి ఆపా బడికి పోలేదు. ఎవరూ ఆమెను మాన్పించలేదు. మానుమని ఇంటిలో ఒక్కరూ అనలేదు. ఆ దినం గడచినది, మరుదినం కూడా గడచినది, అంతే. ఎవరికైనా చెప్పరాదా అని అమ్మీ అడిగితే, "ఎవరికి చెప్పాలె?" అని అబ్బా ఎదురు ప్రశ్న వేసినాడు. ఆయనకు సంతకం చేయుట వచ్చును, అర్జీ వ్రాయుట రాదు. నాకు అప్పుడు పదకొండేండ్లు. ఆపా పుస్తకాలు మరి రెండేండ్లకు నాకు పనికి వచ్చినవి.

ఆ రాత్రియే కూర్చుండి అర్జీ వ్రాసినాను. రెండు పుటలు. స్త్రీవిద్యను గురించి ఒక పుట, పల్లెల దుస్థితిని గురించి ఒక పుట. "అజ్ఞానాంధకారము", "జ్ఞానజ్యోతి" అను మాటలు నిస్సంకోచముగా వాడినాను. వ్రాసిన తరువాత రెండుసార్లు చదువుకొని సంతోషించినాను కూడ. దానిని ఎల్లారెడ్డి పురపాలక సంఘానికి ఒక ప్రతి, మండల పరిషత్తుకు ఒక ప్రతి పంపినాను. ఊరిపెద్దలు ముప్పదిమంది సంతకాలు, వ్రేలిముద్రలు పెట్టినారు.

ఇక్కడ తెలుగు అధ్యాపకునిగా ఒక్క మాట చెప్పకుండ ఉండలేను. అర్జీ అన్నది ఉర్దూ దారిలో మనకు వచ్చిన మాట. దరఖాస్తు, ఫిర్యాదు, జవాబు, హామీ, మంజూరు, రద్దు — ఇవన్నీ అట్లే వచ్చినవి. తెలుగువాడు కచ్చేరీ గుమ్మం ఎక్కినంతనే పారసీక శబ్దాలు పలుకును. పలుకుచున్నట్లు అతనికి తెలియదు. మా కళాశాలలో ఉర్దూ విభాగం, తెలుగు విభాగం ఎదురెదురు గదులలో ఉన్నవి. పరస్పరం పుస్తకాలు ఇచ్చిపుచ్చుకొనుట తక్కువే. కాని అవసరం వచ్చి కాగితం వ్రాయవలసినప్పుడు రెండు గదులవారమూ ఒకే నిఘంటువు నుండి మాటలు తీయుదుము.

అయిదు వారములు జవాబు రాలేదు. రాకపోవుటలో ఆశ్చర్యమేమియు లేదని ఇప్పుడు తెలుసు. బస్సు పురపాలక సంఘానిది కాదు, మండల పరిషత్తుది కాదు. బడి వేళ నిర్ణయించునది ఒకరు, బస్సు వేళ నిర్ణయించునది ఇంకొకరు, బస్సు ఆగు చోట నీడ, దీపం కల్పించవలసినది మరొకరు. ఇంగ్లండులో ఈ బాధ్యత స్థానిక కౌన్సిలుదే. ఎనిమిదేండ్ల లోపు పిల్లకు రెండు మైళ్లు, ఆపై పదునారేండ్ల వరకు మూడు మైళ్లు దాటి తగిన బడి ఉన్నచో కౌన్సిలు ఉచితముగా ప్రయాణం కల్పించవలె. కాదన్నచో తల్లిదండ్రులు మొదట ఒక అధికారికి, పిదప ఒక సంఘానికి, న్యాయముగా విచారణ జరుగలేదని తోచినచో అంబుడ్స్‌మన్‌కు చెప్పుకొనవచ్చును. ఫిర్యాదుకు కూడ ఒక దారి, ఆ దారిలో ఆగు చోట్లు ఉన్నవన్నమాట.

మనకు చట్టం లేకపోలేదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుండి పదునాలుగేండ్ల పిల్లలది. నియమావళి ప్రకారం అయిదవ తరగతి వరకు ఒక కిలోమీటరు లోపల, ఆరు నుండి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండవలె. లేనిచోట ప్రయాణ సౌకర్యం వంటి ఏర్పాటు చేయవలె. కాని ఆ చట్టం ఎనిమిదవ తరగతి దగ్గర బస్సు దిగిపోవును. మా మేనకోడలు తొమ్మిదిలో ఉన్నది. పిల్లలు బడి మానునది కూడ ఎక్కువగా ఆ మలుపు దగ్గరనే. ఇక బస్సు కిరాయి అంటే, బాలికలకు పదవ తరగతి వరకు ఉచితపు పాసులు మునుపటి నుండి ఉన్నవి. 2023 డిసెంబరు 9 నుండి రాష్ట్రంలోని స్త్రీలందరికీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టే లేదు. డబ్బు చిక్కు తీరినది. వేళ చిక్కు మిగిలినది.

ఆ ఊరిలో ఒక విశ్రాంత కండక్టరు ఉన్నాడు. ఇంటి ముందర వేపచెట్టు క్రింద కుర్చీ వేసుకొని వచ్చేపోయే బస్సును గడియారంతో సరిచూచుట ఆయనకు అలవాటు. సెప్టెంబరులో నేను ఊరికి పోయినప్పుడు నన్ను పిలిచి, అర్జీ నకలు అడిగి చదివినాడు. చదివి అద్దాలు తీసి అన్నాడు:

"మంచిగ రాసినవు సారూ. ఇంతకు బస్సు ఎన్నిగంటలకు తియ్యాలె?"

రెండు పుటలలో ఆ సంగతి ఎక్కడను లేదు. ఎంతమంది పిల్లలో లేదు. ఏ బస్సో కూడ లేదు.

ఆ సాయంకాలం ఆయన నాకు చెప్పిన పాఠం ఏ విశ్వవిద్యాలయంలోను చెప్పరు. బస్సు ఒంటరి వస్తువు కాదు, అది ఒక గొలుసు. మన పల్లె నుండి పోయిన బస్సు ఎల్లారెడ్డిలో ఆగి తొమ్మిది ముప్పదియైదుకు మరొక ఊరికి పోవును, అక్కడనుండి ఇంకొకటి. ఒక ట్రిప్పు కదిలిస్తే మిగిలినవన్నీ కదులును. డ్రైవరు, కండక్టరుల డ్యూటీకి గంటల లెక్క ఉన్నది. డిపోలో ప్రతి బస్సుకు కిలోమీటర్ల లెక్క ఉన్నది. కిలోమీటరుకు ఎంత వసూలైనదన్న లెక్క ఉన్నది. కొత్త బస్సు అడిగితే ఆ లెక్కలన్నీ అడ్డము వచ్చును. "కిలోమీటరు పెరగకుంట అడుగు సారూ. నైట్‌హాల్టు బస్సు ఊర్లనే ఉంటది. అర్ధగంట ముందు తీస్తే డీజిలు ఖర్చు పెరగదు. అయితే సిబ్బంది డ్యూటీ అర్ధగంట పెరుగుతది. అది వాళ్లతోని మాట్లాడుకోవాలె." మరియు, "బస్సు లేటు, బస్సు లేటు అని రాయకు. లేటని రాస్తే వాళ్లు లాగ్‌షీటు తీసి చూస్తరు. మొదలు నువ్వు చూడు."

చూచినాము. ఆపా కూతురు, ఆమె స్నేహితురాలు ఒకతె — కుమ్మరివారి పిల్ల — ఒక నోటుపుస్తకం పెట్టి పదునెనిమిది బడిదినాలు బస్సు బయలుదేరిన వేళ, చేరిన వేళ, ఎక్కిన విద్యార్థుల సంఖ్య వ్రాసినారు. ఒకరు వ్రాయని దినం ఇంకొకరు. ఆ పుస్తకం చదివినప్పుడు నాకు సిగ్గయినది. పదునెనిమిది దినాలలో పదమూడు దినాలు బస్సు సరిగా తన వేళకే చేరినది. మూడు దినాలు ఆలస్యం. రెండు దినాలు వాగు పొంగి రోడ్డు మీద నీళ్లు పోయినందున రాలేదు. ముప్పదిమంది సంతకాలతో మేము నిందించినది నిజానికి తన వేళ తప్పని బస్సును. కదిలినది బడి గంట. ఆ రెండు పుటల అర్జీ నాడే చేరవలసిన చోటికి చేరి ఉన్నచో, "బస్సు వేళకే నడచుచున్నది" అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చియుండెడిది. అది సత్యమే అయియుండెడిది.

ఇక ఏమి అడుగవలెనో తేల్చుటకు ఒక ఆదివారం అసర్ నమాజు తరువాత బడి వరండాలో తల్లిదండ్రులు కూర్చున్నారు. అర్జీ వ్రాయుట కన్న అది పది రెట్లు కష్టమైనది.

ఒకాయన మొదటనే, "డిపోకు ఎందుకు, ఏకంగా పెద్ద జడ్జిసాబుకే రాద్దాం" అన్నాడు. ఆయన మాటకు ఆధారం లేకపోలేదు. 2021లో రంగారెడ్డి జిల్లా మంచాల మండలంలోని ఒక పల్లె నుండి ఎనిమిదవ తరగతి బాలిక, తమ ఊరికి ఆగిపోయిన బస్సును గురించి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణగారికి ఉత్తరం వ్రాసినది. ఆయన రోడ్డు రవాణా సంస్థ మేనేజింగ్ డైరెక్టరు సజ్జనార్‌గారి దృష్టికి తెచ్చినారు. బస్సు మరల నడిచినది. ఆ వార్త చదివినప్పుడు నేనును సంతోషించినాను. అయితే ప్రతి పల్లె బస్సుకు సుప్రీంకోర్టు దాక పోవలసి ఉన్నచో అది ఆ బాలిక ఘనతయే గాని దారి కాదు. "అక్కడ బస్సు బందయింది, మనకు బస్సున్నది" అని కండక్టరు ముగించినాడు.

ఇంకొకరు ఆటో మాట్లాడుకొందామన్నారు. ఆ మాటకు స్త్రీలు కూర్చున్న వైపు నుండి ఒక్కసారిగా వద్దు వద్దని వినిపించినది. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని రైల్వే గేటు వద్ద బడి బస్సును రైలు గుద్దినది. పదిమందికి పైగా పిల్లలు పోయినారు. ఆ జిల్లా మాకు ఆమడ దూరం కూడ లేదు. ఈ ప్రాంతపు తల్లులకు ఆ తేదీ గుర్తుండకపోవచ్చును, ఆ దినం గుర్తున్నది. కిక్కిరిసిన ఆటో అనగానే వారి ముఖాలలో అదే కనిపించినది.

చిక్కు మాత్రం ఎవరూ ఊహించని వైపు నుండి వచ్చినది. ఆ ఊరి స్త్రీలలో సగంమంది బీడీలు చుట్టువారు. చుట్టిన బీడీలు లెక్క అప్పగించి ఆకు, తంబాకు తెచ్చుకొనుటకు వారు ఎక్కునది కూడ ఆ బస్సే. ఎనిమిదింబావుకు బస్సు తీసిన, వంట ఎప్పుడు చేయవలె, కట్టలు ఎప్పుడు కట్టవలె? ఒకామె లేచి, "పోరల సదువు కావాలె, మా కూలి వద్దా?" అన్నది. ఆ ఒకామె మా ఆపా. నాకు ఫోను చేసి అర్జీ వ్రాయించినది కూడ ఆమెయే. తల్లిగా ఒక వేళ కావలె, బీడీ కార్మికురాలిగా ఇంకొక వేళ కావలె, రెండును న్యాయమే. నేను వ్రాసిన మొదటి అర్జీలో ఈ స్త్రీ లేదు, "నిరక్షరాస్యులైన మాతృమూర్తులు" అన్న సమాసం ఉన్నది.

గంటన్నర వాదన జరిగినది. కొంత తెలుగులో, కొంత ఉర్దూలో. కోపం వచ్చినప్పుడు ఎవరి భాషలోనికి వారు పోయినారు. చివరకు తేలినదేమనగా, బీడీలవారు ముందటి రాత్రియే కట్టలు కట్టి ఉంచుదురు. ఇంటిపని వల్ల రాలేని వారి చాటలను వచ్చువారు వంతులవారీగా తీసికొనిపోయి లెక్క అప్పగింతురు. అంటే బడిపిల్లల అర్ధగంట కొరకు పెద్దలు తమలో తాము ఒక ఒప్పందం చేసికొనవలసి వచ్చినది. దీనికి ఏ కార్యాలయపు మంజూరు అక్కరలేదు గాని, ఇది కాకుండ పై మంజూరుకు అర్థం లేదు.

అప్పుడు వ్రాసినాను నాలుగు వాక్యాలు. ఫలానా నైట్‌హాల్టు బస్సు ఎనిమిది యాభైకి బయలుదేరి తొమ్మిది ఇరువదికి చేరుచున్నది. జూలై నుండి బడి తొమ్మిదికి మొదలగుచున్నది. దినమునకు సగటున ముప్పదినలుగురు విద్యార్థులు ఎక్కుచున్నారు; పదునెనిమిది దినాల పట్టిక జతచేసినాము. బస్సును ఎనిమిదింబావుకు తీయుటకు ఊరివారందరూ సమ్మతించినారు గనుక అట్లు మార్చవలసినదిగా మనవి. సంతకాలు. క్రింద ఉర్దూలో అదే సంగతి, ఎందుకనగా సంతకం చేసినవారిలో కొందరు తాము దేనికి సంతకం చేయుచున్నారో చదివి తెలిసికొనదలచినారు.

డిపోకు నేను, కండక్టరు, కుమ్మరివారి పిల్ల తండ్రి పోయినాము. అధికారి పట్టిక చూచి, ఎవరు వ్రాసినారని అడిగినాడు. పిల్లలని చెప్పితే మరియొకసారి చూచినాడు. ఉదయపు వేళ మార్చుటకు అభ్యంతరం లేదని, సిబ్బందితో మాట్లాడి చెప్పుదునని అన్నాడు. సాయంత్రపు బస్సు మాత్రం కదిలించుట కుదరదు. అది దూరం నుండి మూడు ఊళ్లు తిరిగి వచ్చు బస్సు. ఆ మాట ఆయన దాచకుండ చెప్పినందుకు నాకు గౌరవం కలిగినది. "చూస్తాం" అని పంపివేసినచో మేము ఇంకొక రెండు నెలలు ఎదురుచూచెడివారము. నవంబరు మొదటి సోమవారం నుండి ఉదయపు బస్సు ఎనిమిదింబావుకు కదిలినది.

సాయంత్రపు చిక్కు అట్లే ఉండెను. నాలుగుంబావుకు బడి విడుచును, అయిదింటికి బస్సు. నలుబదియైదు నిముషాలు పిల్లలు రోడ్డు ప్రక్కన నిలువవలె. అర్జీ ఇంకొకటి వ్రాయుదునా అని అడిగితే కండక్టరు నవ్వి, "అన్నిటికి అర్జీయేనా సారూ, హెడ్‌మాస్టరును అడుగుండ్రి" అన్నాడు. అడిగినాము. గ్రంథాలయపు గదిని నాలుగు యాభై వరకు తెరిచి ఉంచుటకు ఆయన ఒప్పుకొన్నాడు. బస్సు ఆగు చోట దీపం కొరకు పురపాలక సంఘానికి మరల వ్రాసినాము. ఈసారి స్తంభం ఏ దుకాణం ఎదుట ఉన్నదో వ్రాసినాము. పదిదినాలలో దీపం వెలిగినది. మొదటి అర్జీ పోయిన కార్యాలయం అదియే.

పదవ తరగతివారి సంగతి మాత్రం పూర్తిగా తీరలేదు. చలికాలంలో వారికి ప్రత్యేక తరగతులుండును. అయిదింటి బస్సు అందదు. తరువాతి బస్సు ఊరిలోనికి రాదు, పెద్ద రోడ్డు మీద దించి పోవును. అక్కడినుండి రెండు కిలోమీటర్లు చీకటిలో నడక, ఒక వైపు చేలు, ఒక వైపు తుప్పలు. దీనికి వంతులు వేసికొన్నారు. దినమునకు ఇద్దరు పెద్దలు బ్యాటరీ లైటు పట్టుకొని రోడ్డు దాక వచ్చి పిల్లలను తీసికొనిపోవుదురు. సోమవారం కుమ్మరివారు, మంగళవారం మస్జిదు వీధివారు, ఇట్లు. ఇది పరిష్కారమని నేను అనను. ఆ రెండు కిలోమీటర్లకు బస్సు రావలసియే ఉన్నది, అడుగుచునే ఉన్నాము. కిలోమీటరు పెరుగు అర్జీ గనుక అది కదలుట లేదు.

2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానలు ఈ ఏర్పాటునంతటిని కొంతకాలం తుడిచివేసినవి. రోడ్లు కోసుకొనిపోయినవి, బడులకు సెలవులిచ్చినారు. బస్సు మరల ఊరిలోనికి వచ్చిన మొదటి రాత్రి వేపచెట్టు క్రింద కండక్టరు గడియారం చూచుకొని, ఏడు నిముషాలు ఆలస్యమని ప్రకటించినాడట. మా మేనకోడలు ఆ ఏడు నిముషాలు కూడ నోటుపుస్తకంలో ఎక్కించినది. పుస్తకం ఇప్పుడు రెండవది. మొదటిది డిపో అధికారి చూచిన దినం నుండి ఆ పిల్లలిద్దరూ వ్రాయుట మానలేదు. ఎవరూ మానుమని చెప్పను లేదు.

ఆమె ఇప్పుడు పదవ తరగతి. మొన్న శీతకాలమంతా చీకటి బస్సుకే వచ్చినది. గురువారం ఆపా వంతు. ఒక గురువారం నేను అక్కడ ఉండి ఆమెతో కలిసి రోడ్డు దాక పోయినాను. దారిలో ఆమె పెద్దగా ఏమియు మాట్లాడలేదు, మరునాటి కట్టలింకా మిగిలి ఉన్నవని మాత్రం చెప్పినది. బస్సు దీపాలు మలుపు దగ్గర కనిపించగానే లైటు వెలిగించి, అవసరం లేకున్నను, రెండుసార్లు పైకెత్తి చూపినది. ఆరుగురు దిగినారు. ఆపా వారిని లెక్కపెట్టినది.